చర్చి బేస్‌మెంట్‌కి నాలుగు కిటికీలు

యుక్రెయిన్‌లో యుద్ధం మొదలైన ఏడాది, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మేముండే చిన్న ఊరి కౌన్సిల్‌కి ఉన్నట్టుండి అణుబాంబు గుర్తొచ్చింది. ఫాలౌట్ షెల్టర్లు, అంటే బాంబు పేలాక రాలే విషధూళి నుంచి కాపాడే గదులు, ఊరి ఖర్చుతో సిద్ధం చేయాలా వద్దా అని చర్చ. రోడ్డు గుంతలు పూడ్చలేనివాళ్లకి బాంబు గోలెందుకని సగంమంది, ముందుజాగ్రత్త తప్పేమిటని సగంమంది. ఏ బేస్‌మెంట్లు పనికొస్తాయో చూడమని స్ట్రక్చరల్ ఇంజనీర్‌నైన నన్ను పిలిచారు.

జాబితాలో మా తెలుగు చర్చి కూడా ఉంది. నేను అక్కడి సభ్యుణ్ణని ముందే రాసిచ్చాను. ఎంపికైతే కారుతున్న పైకప్పునీ ఊరే బాగుచేయిస్తుంది. అందుకే పాస్టర్‌గారు నా వెంటే తిరిగారు.

"బ్రదర్, గోడలు గట్టివేగా? పాసైపోతుందిగా?"

గోడలు గట్టివే. కానీ మా లెక్కలో ప్రొటెక్షన్ ఫ్యాక్టర్ అని ఒకటుంది. బయటి రేడియేషన్‌లో నలభయ్యో వంతే లోపలికి వస్తే ఆ ఫ్యాక్టర్ నలభై. కౌన్సిల్ అడిగింది అంత. ఇక్కడ పదిహేను కూడా రాలేదు. కారణం నాలుగు కిటికీలు. సండే స్కూల్ పిల్లలు చీకట్లో కూర్చుంటున్నారని మూడేళ్ల కిందట గోడ కోయించి వాటిని పెట్టించింది నేనే. నా వేలితో నా కన్నే పొడుచుకున్నట్టయింది.

అవసరమైనప్పుడు ఇసుకబస్తాలు అడ్డం పెట్టుకుందామంటే కౌన్సిల్ ఒప్పుకోలేదు. శాశ్వతంగా మూస్తేనే నిధులు.

"ఇటుకలతో కట్టేస్తే పాసవుతుందా?" అని మీటింగులో అధ్యక్షురాలు అడిగింది.

"అవుతుంది," అన్నాను. వెనక నుంచి పాస్టర్‌గారి "స్తోత్రం" హాలంతా వినిపించింది.

అప్పుడు మా సండే స్కూల్ టీచర్ రూతమ్మగారు మైకు దగ్గరకొచ్చారు. డెబ్బై దాటిన రిటైర్డ్ నర్సు. "బాంబు వస్తుందో రాదో నాకు తెలీదు. పిల్లలు మాత్రం ప్రతి ఆదివారం వస్తారు," అని కౌన్సిల్‌కి ఇంగ్లీషులో చెప్పి, నావైపు తిరిగారు.

"పాసవుద్దా అని కాదు నాయనా. నువ్వైతే మూయమంటావా?"

"అది నేను చెప్పేది కాదండీ," అన్నాను. ముప్పై ఏళ్లుగా ఆ మాట చాటునే బతికాను. ఆవిడ కదల్లేదు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. చివరికి మైకు అందుకుని, "నేనైతే మూయను," అన్నాను.

నిధులు వేరే భవనానికి వెళ్లాయి. వానొస్తే మా చర్చిలో ఇంకా బకెట్లు పెడుతున్నాం. పాస్టర్‌గారు నాతో మామూలుగా మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది.

లెక్క అప్పజెప్పి తప్పుకోవడం కూడా ఒక నిర్ణయమేనని నాకు అప్పుడే తెలిసింది. నేను చెప్పింది సరైందేనని ఇప్పటికీ రుజువు చేయలేను. తప్పని తేలే రోజు మాత్రం రాకూడదని ప్రార్థిస్తుంటాను.