గాలిలో ఆగిన సుత్తి

ఈ ఉదయం మా ఊరి బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన పాయింట్లు చూపించే విద్యుత్ బోర్డును నిలబెట్టారు. ఎర్రని అంకెలు, వాటి మీద వెనక్కి నడిచే గడియారం, సమయం తీరగానే ఎవరి అనుమతీ అడగకుండా మోగే సైరను. ఆ వేడుక చూసి ఇంటికి వచ్చేసరికి మా వరండా గోడకు ఆనించి ఒక పెద్ద నల్లరాతి పలక ఉంది. కోర్టు ఎదురుగా ఉన్న టీ హోటలు యజమాని గోడకు రంగులు వేయిస్తూ దానిని ఊడదీసి, "ఇది సార్ వస్తువు, సార్ ఇంటికే పోవాల" అని ఆటోలో ఎక్కించి పంపాడట. మా కోడలు తడిబట్టతో తుడిస్తే సుద్ద మరకలన్నీ పోయాయి గాని, మధ్యలో లోతుగా గీసిన అంకె మాత్రం పోలేదు. "ఇదేంది మామా, మంచి పలకను ఎవురో గీకి పాడు చేసినారు?" అని అడిగింది. పాడు చేసినవాడిని నేనే. అందుకు ఆనాడూ విచారించలేదు, ఈనాడూ విచారించడం లేదు.

మార్కాపురం పలకల ఊరు. మరొక ఊళ్లో టీ హోటలు గోడకు క్యాలెండరు వేలాడితే మా ఊళ్లో పలక వేలాడడంలో వింత లేదు. మామూలు రోజుల్లో దాని మీద ఇడ్లీ, దోసెల ధరలు ఉండేవి. వేసవిలో బాస్కెట్‌బాల్ పోటీలు మొదలైతే ధరలు చెరిపేసేవారు. అప్పుడా పలక మీద ఉండేది ఒకే ఒక అంకె. అది ఆటగాళ్లకు వేసిన మార్కు కాదు, ఆట గురించి పత్రికలో రాసిన విలేఖరికి వేసిన మార్కు. పొద్దున్నే జిల్లా పేజీ రాగానే హోటలు యజమాని వార్తను పైకి చదివేవాడు. కోర్టు అభిమానులమని చెప్పుకునే మేమంతా చుట్టూ కూర్చొని, గ్లాసుల్లో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, పదికి ఎన్ని వేయాలో వాదించుకునేవాళ్లం. ప్రధానోపాధ్యాయుడిగా విరమించినవాడిని గనుక చివరి మాట నాది. జీవితమంతా మార్కులు వేసిన చేతికి విరమణ తరువాత దొరికిన ఆ చిన్న ఉద్యోగాన్ని నేను మిక్కిలి శ్రద్ధగా నిర్వహించానని ఇక్కడ మనవి చేస్తున్నాను.

పాత విలేఖరికి ఏనాడూ ఎనిమిదికి తగ్గలేదు. ఆయన వార్తకు ఒక క్రమం ఉండేది, క్రమమంటే నాకు ఇష్టం. మొదట పోటీలను ప్రారంభించిన పెద్దల పేర్లు, తరువాత జ్యోతి వెలిగించినవారు, తరువాత బంతులు దానం చేసినవారు, ఆపైన శాలువాలు. కొబ్బరికాయ ఎవరు కొట్టారో చదివి తెలుసుకున్నాక, స్థలం మిగిలితే ఎవరు గెలిచారో తెలిసేది. మా జట్టు గెలిస్తే ఘనవిజయం, ఓడితే త్రుటిలో చేజారిన విజయం. కనిగిరి వాళ్లు మమ్మల్ని చితకబాదిన సాయంత్రం కూడా విజయం మా చేతిలోనుండి త్రుటిలోనే చేజారింది. ఆ త్రుటి ఎంత పొడవైనదో కోర్టు గట్టున కూర్చున్న మాకు తెలుసు, అయినా ఎనిమిది వేసేవాళ్లం. ఆయన విరమించుకున్నాక ఆ బాధ్యత ఒక అమ్మాయికి ఇచ్చారు. తర్లుపాడు పక్క పల్లె పిల్ల. పీజీ చదివింది, కళాశాల జట్టులో ఆడింది. స్కూటీ మీద వచ్చి, అతిథుల కుర్చీల వైపు పోకుండా, కోర్టు గీత పక్కన నేల మీద కూర్చునేది. తొలి వార్తలో కొబ్బరికాయ లేదు, శాలువా లేదు. మొదటి వాక్యంలోనే ఎవరు ఎందుకు ఓడారో ఉంది. హోటలు యజమాని చదవడం ఆపి, పేపరు తిరగేసి, మిగతాది వెనక ఉందేమోనని వెతికాడు. "ఇంతేనా? మరి ఎమ్మార్వో వచ్చినాడు గదా, ఆయన యాడ?" అన్నాడు. నాలుగు మార్కులు పడ్డాయి. రెండోనాటికి మూడు. వాక్యం బాగుందని నేను ఒకటి కలిపితే, "బావా, నువ్వు తెలుగు మాస్టరువి, నీకు వాక్యమే కనపడతాది" అని మా బావమరిది ఎద్దేవా చేశాడు.

ఈ బావమరిది గురించి కొంత చెప్పాలి. డ్రిల్లు మాస్టరుగా విరమించాడు. మా కోర్టు ఆయన కట్టించినది, పోటీలు ఆయన నడిపేవి, గంట కూడా ఆయనదే. కోర్టు మూలన వేపకొమ్మకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీశారు. చేతిగడియారం చూసి, సమయం కాగానే ఆయన సుత్తితో దానిని కొట్టాలి. అయితే మా కోర్టుకు ఒక ఆచారం ఉంది. బంతి ఆటగాడి చేతిలో ఉండగా గంట కొట్టరు. అతడు బుట్టలోకి విసిరాకనే కొడతారు. పూర్వం నమ్మకమైన గడియారాలు లేని కాలంలో ఎవరికీ అన్యాయం జరగకూడదని పెట్టుకున్న మర్యాద అది. తొలినాళ్లలో అందరికీ వర్తించేది. పోనుపోను ఆ మర్యాద మా జట్టుకే మిగిలింది. గిద్దలూరు వాడి చేతిలో బంతి ఉంటే గంట ఠంగున మోగేది, మావాడి చేతిలో ఉంటే సుత్తి గాలిలో ఆగేది. ఇది తప్పని నేను నిర్వాహకుల సమావేశంలో లేచి చెప్పాను. అందరూ గౌరవంగా విని, నాకు ఇంకొక టీ తెప్పించారు. గిద్దలూరు వాళ్లు కూడా ప్రతి ఏటా గొణుక్కుంటూనే వచ్చేవారు. వాళ్ల ఊళ్లో వాళ్ల గంట ఉండనే ఉంది.

ఆ ఏడు ఫైనలు మాకూ గిద్దలూరుకూ పడింది. మా జట్టు నాయకుడు నా మనుమడు. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, సమయం తీరింది, సుత్తి లేచింది, బంతి మా మనుమడి చేతిలో ఉంది. సుత్తి ఆగింది. మనుమడు నెమ్మదిగా బంతిని నేలకు కొట్టి, ఎదుటివాణ్ణి తప్పించుకొని, గురి చూసుకొని విసిరాడు. బంతి బుట్టలో పడ్డాక గంట మోగింది. ఊరు ఊరంతా కోర్టులోకి దూకింది. నల్లమల వైపునుండి వచ్చిన గాలికి లేచిన దుమ్ములో నా మనుమణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు. సంతోషించలేదని చెబితే అబద్ధం అవుతుంది.

మరునాడు హోటలు యజమాని వార్త చదవడం మొదలుపెట్టి గొంతు తగ్గించాడు. "గంట కొట్టే సుత్తి గాలిలో ఆగింది. మార్కాపురం గెలిచింది." ఇవి మొదటి రెండు వాక్యాలు. తరువాత మా ఆచారం ఏమిటో, అది ఎవరి విషయంలో పాటిస్తారో, ఎవరి విషయంలో పాటించరో సాదాసీదాగా రాసింది. ఎవరినీ నిందించలేదు. హోటలులో పేలిన కోపం మాత్రం చెప్పనలవి కాదు. సున్న వేయాలన్నారు, నా మాట కోసం ఆగకుండా మా బావమరిది సుద్దతో వేసేశాడు కూడా. ఆ అమ్మాయిని ఇంకా పరీక్షగానే పెట్టుకున్నారని, ఆ నెలాఖరుకు ఖాయం చేస్తారో లేదో తేలుతుందని ఎవరో చెప్పగానే, ఆమెను తొలగించాలని పత్రిక కార్యాలయానికి ఫిర్యాదు రాయడం మొదలైంది. మొదటి సంతకం నాది కావాలట. పెద్దవాడిని, పైగా గెలిపించినవాడి తాతను. నేను కలం తీయకుండా, "ఆమె అబద్ధం రాసిందా?" అని అడిగాను. "అబద్ధం రాసుంటే ఖండించి ఊరకుందుము సార్, నిజం రాసింది, అదే గదా ఇప్పుడు మన బాధ!" అని హోటలు యజమాని వాపోయాడు. కబురు పంపితే ఆ అమ్మాయి వచ్చింది. స్కూటీ దిగి, పలక మీది సున్నను చూసి, చున్నీతో మొహం తుడుచుకొని నిలబడింది.

"ఈ మట్టిలో పుట్టినావు, ఊరి పరువు తీయడానికి నీకు చేతులెట్ల వచ్చినాయి?" అన్నాడు మా బావమరిది.

"పరువు నేనేడ తీసినా మామా? సుత్తి మీ చేతిలో ఉండింది, నా చేతిలో పెన్నే ఉండింది."

"మాటలు బాగా నేర్చినావు. రేపు ఒక్క ముక్క రాయి. బంతి టైములోపలే పడిందని. సవరణ అని ఏస్తారు గదా, అట్ల. ఈ కాయితం చించేస్తాం."

ఆ ఉద్యోగం ఆమెకు ఎంత అవసరమో అక్కడ అందరికీ తెలుసు. "రాయను మామా. పంపుకుంటే పంపుకోండి. మీరు గెలిచింది రాసినా, ఎట్ల గెలిచినారో అదీ రాసినా. అందులో ఏది తీసేయాలో పెదనాయన్నే చెప్పమనండి" అని నా వైపు చూసింది.

అప్పటికి మా మనుమడు టీ తాగడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అభినందనలు అందుకోవడానికి వచ్చినవాడు, పాపం, న్యాయస్థానంలో అడుగుపెట్టాడు. నేను వాణ్ణే అడిగాను. "సుత్తి ఆగిందా, లేదా?"

"ఆగింది తాతా. ఆగుతాదని తెలుసు గదా. అందుకే నిదానంగా ఏసినా."

వాడు ఎంత అమాయకంగా అన్నాడో అంత లోతుగా దిగింది ఆ మాట. ఒంగోలు పోయినా, కర్నూలు పోయినా మా పిల్లలు చివరి బంతితో ఎందుకు ఓడుతున్నారో, చేతిలో బంతి ఉండగానే పరాయి ఊరి గంట ఎందుకు మోగుతున్నదో నాకు ఆ క్షణాన బోధపడింది. ఎండలు, అంపైర్లు, భోజనం పడకపోవడం అని ఎన్ని కారణాలు చెప్పుకున్నాం! కారణం వేపకొమ్మకు వేలాడుతున్నది. తొందరపడవలసిన చోట తొందరపడకపోవడాన్ని మేమే వాళ్లకు నేర్పాం. నేను లేచి సున్నను అరచేత్తో తుడిచాను. సుద్దముక్క మా బావమరిది గుప్పిట్లో ఉంది, ఇవ్వలేదు. సుద్దతో రాస్తే నా వీపు తిరగగానే తుడుస్తారనీ తెలుసు. జేబులోని ఇంటి తాళంచెవి తీసి, పలక గుండెలో దిగేలా నొక్కి, పది అని గీశాను. ఆ కీచు శబ్దానికి పళ్లు జివ్వుమని కొందరు చెవులు మూసుకున్నారు. "బావా, నీకు మతి పోయిందా?" అన్నాడు ఆయన. "చివరి మాట నాది. మీరే ఇచ్చిన అధికారం" అన్నాను. మా మనుమడూ సంతకం చేయలేదు.

ఫిర్యాదు మా ఇద్దరి పేర్లు లేకుండానే వెళ్లింది. నేను వేరుగా ఒక ఉత్తరం రాశాను. పత్రికవారు ఆమెను కొనసాగించారు. అది నా ఉత్తరం వల్లనో, వాళ్లకు వార్తలు రాసేవాళ్లు దొరక్కనో చెప్పలేను. మా బావమరిది పెద్దపండుగకు కూడా మా గడప తొక్కలేదు. ఆయనకు అక్కగా పుట్టి, నాకు భార్యగా వచ్చిన పాపానికి మా ఇంటావిడ ఇద్దరి మధ్య పచ్చడి గిన్నెలు మోసింది. మళ్లీ వేసవి వచ్చింది, మళ్లీ గిద్దలూరుతో ఆట, మళ్లీ ఒక్క పాయింటు వెనక, మళ్లీ బంతి మా మనుమడి చేతిలో. సుత్తి లేచింది. ఆయన ఒక్కసారి నేల మీద కూర్చున్న అమ్మాయి వైపు చూశాడు, ఒకసారి నా వైపు. తరువాత రైలుపట్టా పగిలిపోతుందేమో అన్నంత బలంగా కొట్టాడు. బంతి మావాడి చేతిలోనే ఉండిపోయింది. ఓడిపోయాం. గిద్దలూరు వాళ్లు కూడా కాసేపు నమ్మలేక, తమ గెలుపును తాము గుర్తించలేక నిలబడ్డారు.

మరునాటి వార్త "గంట సమయానికి మోగింది" అని మొదలైంది. మా బావమరిది తానే పేపరు అందుకొని, కళ్లజోడు పెట్టుకొని, ఆసాంతం చదివి పలక మీద ఐదు వేశాడు. ఎందుకింత తక్కువ అంటే, "వాక్యాలు పొడుగైనాయి" అన్నాడు. నాకు టీ చెప్పాడు. ఆయన ఐదు మరునాడే చెరిగింది. దాని కింద నా పది అట్లాగే ఉంది, ఆ తరువాత వచ్చిన ప్రతి అంకె కిందా ఉంది. ఈ సాయంత్రం మా కోడలు, రాయి అరగదీసేవాణ్ణి పిలిస్తే పలక నున్నగా అవుతుందన్నది. వద్దన్నాను. మనవాడి చేతిలో బంతి ఉన్నంతసేపు కాలం ఆగుతుందని నమ్మిన ఊళ్లో చాలా ఏళ్లు బతికాను. నాకు మిగిలిన కాలం ఇప్పుడు కొద్దిదే, అయినా సుత్తి పట్టుకున్నవాణ్ణి కాసేపు ఆగమని నేను అడగను.