నాలుగు గుంటలు

మలేసియాలో బంటింగ్ దగ్గర మా ఊరు ఒకప్పుడు రబ్బరు ఎస్టేట్. ఇప్పుడు రెండు ఫ్యాక్టరీలు, ఒక వరస కొట్లు, మిగతాదంతా పామాయిల్ తోట. ఈ ఊరి సరిత్ర, జనాభా మీద మా గుడి కమిటీవోళ్ళు తెలుగులో పుస్తకం ఏస్తామన్నారు. ఏస్తారు సరే, రాసేదెవులు? నాకు మాటొచ్చు, అచ్చరం రాదు. మా మనవరాలికి ఇంటే అర్తమవుతాది గానీ జవాబు తమిళంలో ఇస్తాది. అందుకని కేఎల్‌లో, అదే కౌలాలంపూర్‌లో, కంప్యూటర్ ఉద్యోగం సేసే తెలంగాణ అమ్మాయిని పిలిసినారు.

మంచి పిల్లే. మా ఇంటికొచ్చి, ఫోను బల్ల మీద పెట్టి, "చెప్పండి ఆంటీ, మొదట్లో ఇక్కడ ఎవరెవరుండేవాళ్ళు?" అన్నాది. అడిగితే నేనాగుతానా! మా తాత ఓడ దిగిన కాడినించీ మొదలెట్టినాను. లైను ఇళ్ళు, తెల్లారకుండానే రబ్బరు సెట్లు గీయడానికి పోడం, అన్నీ సెప్పినాను. "మా అమ్మకి ఈడ నాలుగు గుంటలు. ఒకటి పోనాది, మూడు మిగిలినాయి" అన్నాను. ఆ మాట కాడ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. ఆ పిల్ల నా సెయ్యి పట్టుకున్నాది కూడాను.

నెల తిరక్కుండా రాసిన కాయితాలు అట్టుకొచ్చి, గుడిలో కమిటీ ముందర సదివినాది. జనాభా అన్నకాడ మా ఇల్లొచ్చినాది. "ఈమె తల్లిగారికి ఇక్కడ నాలుగు గుంటల భూమి ఉండేది. అందులో ఒకటి పోగా మూడు మిగిలాయి."

ఓలమ్మో! భూమేటి? మా అమ్మ కూకున్న మట్టి కూడా దొరదే!

ముందు నవ్వొచ్చినాది. ఆనక ఒళ్ళు మండినాది. "మాకాడ గుంటంటే ఆడపిల్లమ్మా!" అన్నాను.

ఆ పిల్ల నాలిక కరుసుకున్నాది. "అయ్యో, మా దిక్కు భూమిని గుంటల్లో కొలుస్తారు ఆంటీ."

పోనాదన్నది మా ఆకరి సెల్లి. నడక నేర్సిన ఏడే జొరమొచ్చి పోనాది. పుట్టినట్టు కాయితం నేదు, పోయినట్టు కాయితం నేదు, ఫోటో నేదు. ఈ ఊరి జనాభాలో దాన్ని ఎవులూ లెక్కెట్టనేదు. ఈ పుస్తకంలోకన్నా వస్తాదని ఆశపడితే, దాన్ని పట్టుకుని పొలం సేసేసినారు!

కమిటీ సెక్రెటరీ, మావోడే, "విడుంగక్కా, ఒగ్గేయక్కా, ఒక్క లైనే కదా. రేపు ప్రెస్సుకి ఇచ్చేయాల" అన్నాడు.

"ఒక్క లైనేనా? మీ అమ్మని మూడెకరాలని రాస్తే ఊరుకుంటావేటి?"

ఆడు జేబులో కలం తీసి ఆ పిల్లకి ఇచ్చినాడు.

ఆ పిల్ల గబగబా కొట్టేసి, "నలుగురు ఆడపిల్లలు" అని రాసి సదివినాది.

"అలా వద్దు. నేనన్నట్టే రాయి, గుంటలని."

"చదివేవాళ్ళకి అర్థం కాదు ఆంటీ. నాకే కాలేదు కదా."

"అర్తం కాకపోతే అడగమను. అడిగితే సెప్పడానికి నేను బతికే ఉన్నాను. మా అమ్మ దాన్ని ఏనాడూ ఆడపిల్లా అననేదు. 'ఒలే గుంటా' అనే పిలిసినాది. అది పోయిన రోజు కూడా అలాగే పిలిసినాది. మీరు దిద్దిన మాటతో పిలిస్తే అది పలకదమ్మా."