బందరుకు వెళ్లివచ్చిన నివ్వరి దుబ్బు

1998 సార్వా (వానకాలపు పంట): తెగులు తట్టుకుంటుందని ఒక విత్తన కంపెనీ అమ్మిన సన్నవరికి మెడవిరుపు తెగులు తగిలి వెన్నులన్నీ గింజ లేక తాలైపోయాయి. మందు ఆలస్యంగా కొట్టానని తప్పు నా మీద వేశారు.

1999 కార్తీకం: అదే చేను పక్క బోదె కాలవలో తెగులు సోకకుండా నిలిచిన నివ్వరిని, అంటే తనంతట తాను మొలిచే అడవి వరిని, కంపెనీ వారికి అప్పగించాను. పరీక్షిస్తామన్నారు.

2000 కార్తీకం: పరీక్ష ఏమైందని అడిగించాను. కూలీలు కలుపనుకొని పీకేశారని కబురు వచ్చింది.

ఆ వారమే, బోదెను చేపల చెరువులో కలపడానికి సోమవారం పొక్లెయిన్ వస్తుందని పొరుగు రైతు చెప్పాడు. స్థలం అతనిది. ఆగమంటే నవ్వాడు.

"గడ్డి కోసం చెరువు మానుకోమంటారేంటి బావగారూ? కావాలంటే పీక్కెళ్లండి."

పీక్కెళ్లాను. ఈ ప్రయాణం అందుకే.

శనివారం ముదినేపల్లిలో తొలి బస్సు ఎక్కాను. బకెట్‌లో బురదతో సహా దుబ్బు. వెన్నులకు పాత పంచె గుడ్డ. నివ్వరి గింజ పండగానే రాలిపోతుంది. తీసుకువెళ్లదలచినవారు ఆ గుడ్డ మరువరాదు. గుడివాడ స్టేషను ఎదుట ఇడ్లీ తిని బందరు పాసింజరు పట్టుకున్నాను. పెడన దాకా నేను నిలబడ్డాను, బకెట్‌కు మాత్రం కిటికీ పక్క చోటు దొరికింది. గడ్డికి బందరు షికారు ఎందుకని ఒక పెద్దమనిషి అడిగాడు. న్యాయం కోసమన్నాను.

కంపెనీ పరీక్షా క్షేత్రం ఊరి శివారులో ఉంది. రిక్షాలో చేరేసరికి పదకొండు. అక్కడి శాస్త్రవేత్త యువకుడు, మర్యాదస్తుడు. బోదెలో యూరియా పడదనీ, దుబ్బులు ఎడంగా ఉంటాయనీ, అలాంటి చోట తెగులు రావడమే తక్కువనీ, సోకనంత మాత్రాన తట్టుకున్నట్టు కాదనీ చెప్పాడు. ఆ మాటలో న్యాయముంది.

"అయితే రోగం అంటించి చూడండి. చస్తే చచ్చిందని రాసివ్వండి" అన్నాను.

"గింజ నిలవని వరితో ఏం చేసుకుంటామండీ?"

"గింజ మీ రకానిదే ఉంచుకోండి. దీనిలో తట్టుకునే గుణముంటే సంకరం చేసి తెచ్చుకోండి. నేను అన్నం అడగటంలేదు బాబూ, పరీక్ష అడుగుతున్నాను."

అతను రకాలకు తెగులు అంటించి చూసే మడి చూపించాడు. దుబ్బును రెండుగా చీల్చి, సగం నా చేత్తోనే నాటాను. పక్కన కర్ర పాతి, కూలీలకు కనబడేలా నా ఎర్ర తువ్వాలు చించి కట్టాను.

సాయంత్రం పాసింజరులో ఎదురుగా గిలకలదిండి నుంచి వచ్చిన చేపలమ్ముకునే ఆవిడ కూర్చుని, బకెట్‌లో మిగిలిన సగం దుబ్బు చూసింది.

"సగం అమ్ముడుపోయిందా బాబాయ్?"

"సగం పరీక్షకు కూర్చుందమ్మా. ఇది సాక్షి."

"నోరులేని సాక్షిని బాగానే పట్టావు" అని నవ్వి, బకెట్‌లో ఉప్పునీరు పడకుండా తన గంపను పక్కకు జరిపింది.

సోమవారం బోదె చెరువులో కలిసిపోయింది. మా ఇంటి తొట్టిలో నాటిన సగం, వారి మడిలో సగం: ఆ బోదె నివ్వరిలో మిగిలింది అంతే. కనుక కంపెనీ వారిని ఇందుమూలంగా అడుగుతున్నాను. తెగులు అంటించారా? దుబ్బు తట్టుకుందా, చచ్చిందా? ఏదైనా ఒప్పుకుంటాను, మళ్లీ కలుపంటే ఒప్పుకోను. వచ్చే సార్వాకు నారు పోసేలోగా, సంతకంతో, లిఖితపూర్వకంగా సమాధానమివ్వవలెను.