సూరత్ జెట్ బోటు పంపు బాగుచేయబోయి

పంపు మొరాయించిందంటే పోవడం నాకు అలవాటే. గోదావరి ఒడ్డున పొలాలకు నీళ్ళు తోడే లిఫ్టుల్లో మోటర్లు విప్పి బిగించడమే ఇరవై ఏళ్ళుగా నా పని. కానీ ఒక పంపు కోసం, అదీ కరోనా రెండో దెబ్బ ఇంకా పూర్తిగా తగ్గని రోజుల్లో, రామగుండం నుంచి సూరత్‌కు రైలెక్కుతానని కలలో కూడా అనుకోలేదు.

పిలిచింది మా బామ్మర్ది రాజేశం. సూరత్‌లో బమ్రోలి అనే పేటలో ఉంటాడు. పదిహేనేళ్ళు మరమగ్గాల మీద చీరలు నేశాడు. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు మూతపడితే, వరదల్లో జనాన్ని దాటించే బోట్లు నడిపించే ఒక గుజరాతీ కాంట్రాక్టరు సేఠ్ దగ్గర డ్రైవరుగా కుదిరాడు. అది జెట్ బోటు. బయట తిరిగే ఫ్యాను రెక్కలుండవు. అడుగున ఉన్న పంపు నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్ముతుంది, ఆ తోపుడుకు బోటు ముందుకు పోతుంది. బరువెక్కిస్తే మాత్రం ఇంజను గోల పెడుతోంది, బోటు కదలడం లేదు. ప్రభుత్వ ఇంజనీరు ముందు రెండు పరీక్షలు తప్పింది. శనివారం మూడోది. అదీ తప్పితే బోటు తిరిగి పోతుంది, రాజేశం నౌకరీ దాంతోపాటే.

"కొత్త పంపు పెట్టిండ్రు బావా. గయినా ఒర్రుడే గని ఉరుకుడు లేదు. జర వచ్చి చూడు" అని ఫోన్లో ఆ చప్పుడు వినిపించాడు. గులకరాళ్ళు నములుతున్నట్టుంది. మా లిఫ్టుల్లో ఎన్నోసార్లు విన్న చప్పుడే. పంపుకు చాలినన్ని నీళ్ళు అందకపోతే లోపల బుడగలు పుట్టి, రెక్కల మీద పగిలి ఇనుమును కొరికేస్తాయి. ఇంజనీర్లు దాన్ని కావిటేషన్ అంటారు.

గురువారం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో రామగుండంలో అహ్మదాబాద్ రైలెక్కాను. అప్పట్లో రిజర్వేషన్ లేనిదే ఏ పెట్టెలోకీ రానివ్వడం లేదు. దుప్పట్లు ఇవ్వడం లేదు, తెచ్చుకోవాల్సిందే. ఎదురు బెర్తులో సిరిసిల్ల వైపు పద్మశాలి ముసలాయన, మాస్కు గడ్డం కింద వేలాడేసుకుని సూరత్‌లో కొడుకు దగ్గరికి తిరిగి పోతున్నాడు. "కరోనా రిపోర్టు కాయితం చేతుల పట్టుకో బిడ్డా. సంచిల పెడితే దేవులాడే లోపల నిన్ను పక్కకు నిలవెడ్తరు" అన్నాడు. అటు పోయేవాళ్ళకు నేనూ అదే చెబుతాను.

భుసావల్‌లో తెల్లారింది. చాయ్, వడాపావ్. నందుర్బార్ దాటాక వాన మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి సూరత్‌లో దిగితే, కాగితం చూపించినా వినకుండా మళ్ళీ ముక్కులో పుల్ల పెట్టారు. బల్ల పక్కన నిలబెట్టి పేరు పిలిచేదాకా ఆగమన్నారు. ఇక్కడ పాజిటివ్ అన్నారంటే రేపటి పరీక్షకు పంపును ముట్టుకునే దిక్కే ఉండదు. నా వెనకున్న కుర్రాణ్ణి పక్క గదిలోకి తీసుకుపోయారు. చివరికి నా పేరు పిలిచి పొమ్మన్నారు.

రాజేశం బయట బైకుతో నిలబడి ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. ఇంటికి పోకుండా నేరుగా నది ఒడ్డుకే పోయాం. అక్కడ తాపీ నదికి అడ్డంగా కాజ్‌వే ఉంది. పొట్టి ఆనకట్ట మీద వేసిన రోడ్డు. ఆ రోజు నీళ్ళు దాని మీది నుంచి పొంగి పడుతున్నాయి, రాకపోకలు ఆపేశారు. నది నిండా ఎర్రటి గుడ్డలు తేలుతున్నాయి. తాపీ మాత పుట్టినరోజు అప్పుడే అయిందట. ఆ రోజు సూరతీలు తల్లికి చీర పెట్టినట్టు నదికి చుందడి అనే ఎర్ర చీర విడుస్తారు. కరోనా అని జాతర ఆపారు గాని, వంతెన మీది నుంచి విడిచేవాళ్ళను ఎవరాపుతారు?

బోటు బండి మీద ఒడ్డుకెక్కించి ఉంది. పాత పంపు రెక్క చూపించారు. అంచులు చెద తిన్న కట్టెలా ఉన్నాయి. కొత్తది స్టీలు రెక్క, చుట్టూ కొత్త రింగు. రెక్కకూ రింగుకూ మధ్య సందు కొలిచాను. వేలెత్తి చూపడానికి లేదు. గాలి పీల్చే చోటు ఉందేమోనని సీలు చూశాను. అదీ బాగానే ఉంది. నాకు చిరాకెత్తింది. చివరికి బురదలో వెల్లకిలా పడుకుని బోటు కిందికి దూరాను.

నీళ్ళు పీల్చే నోటికి ఇనుప కడ్డీలుంటాయి, చెత్త పోకుండా. ఆ కడ్డీల వెనక సన్నటి జాలీ తీగతో కట్టి ఉంది. దాని నిండా నాచు, దారప్పోగులు. పంపు నోట్లో గుడ్డ కుక్కి ఊపిరి పీల్చమన్నట్టుంది. ఆ తీగ ముడి మగ్గాల మీద పనిచేసేవాళ్ళు వేసే ముడి. ఎవరు వేశారో అడగాల్సిన పనిలేకపోయింది.

బయటికొచ్చి రాజేశాన్ని పక్కకు పిలిచాను. "కొత్త పంపు పెట్టించి సేఠ్‌ను ముంచుతున్నవ్ గదరా. ఈ జాలీ ఏంది?"

వాడు తల వంచుకున్నాడు. "చైత్రంల ఒక చుందడి పంపుల పడ్డది బావా. ఒడ్డుకొచ్చి గుంజితే పేగులు పేగులోలె ఎల్లింది. జరీ అంచు. చీరలు నేసి బతికినోణ్ణి, తల్లి చీర నా చేతుల చినిగింది. వారం తిరగకముందే సరోజన మంచాన పడ్డది. ఆక్సిజన్ కోసం ఎంత తిరిగిన్నో నీకెరికే. గప్పుడే కట్టిన. మళ్ళ చీర పడొద్దని."

సరోజన వాడి భార్య. బతికి బయటపడింది గాని, ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతుంది.

"జాలీ తీస్తరా, నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా. చీర పడకుంట నాకు చాతనైంది చేస్త" అన్నాను.

ఊధ్నా వైపు ఒక వెల్డింగ్ షాపులో కడ్డీల చట్రం మార్పించాం. బల్లపరుపు కడ్డీలు కోసేసి, ముందుభాగం గుండ్రంగా ఉండే సన్న కడ్డీలు కాస్త దగ్గరగా, వెనక్కి వాలుగా పెట్టాం. వెనక చివరలు అతికించలేదు. గుడ్డ తగిలినా చుట్టుకోకుండా జారిపోవాలని. నూటికి నూరు పాళ్ళు ఆగుతుందని నేను మాటివ్వలేదు. చీకటి పడేవేళకు బిగించి బమ్రోలి పోయాం. సరోజన జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ఆ పూట వాడు సరిగా తినలేదు.

శనివారం పదింటికి ఇంజనీరు వచ్చాడు. కరోనా కాబట్టి పదిమంది మనుషుల బదులు ఇసుక బస్తాలు ఎక్కించారు. రాజేశం స్టీరింగు దగ్గర, నేను పక్కన, ఇంజనీరు వెనక. ఒడ్డున సేఠ్ మహేశ్‌భాయ్ చేతులు జోడించి నిలబడ్డాడు. ఇంజను పెంచగానే బోటు ముక్కెత్తి దూకింది. గోల లేదు. నాకు గట్టిగా అరవాలనిపించింది. ఇక మిగిలింది ఒక్కటే: కాజ్‌వేకు కాస్త ఎగువన, ప్రవాహానికి ఎదురుగా బోటును కదలకుండా నిలపాలి.

నిలిచింది. వెనక కాజ్‌వే మీది నుంచి నీళ్ళు పడే హోరు వినిపిస్తోంది. అప్పుడు ఎదురుగా ఒక చుందడి వచ్చింది. ఎర్రది, విప్పారి, నేరుగా మా ముక్కు మీదికి. రాజేశం చెయ్యి ఇంజను వేగం పెంచే థ్రాటిల్ పిడిని వెనక్కి లాగేసింది.

బోటు వెనక్కి జారింది. "పెంచురా!" అని అరిచాను. వాడికి వినపడలేదు. చూపు చీర మీదే ఉంది. కాజ్‌వే అంచు వీపుకు తగిలేంత దగ్గరైనట్టు అనిపించింది. వాడి చేతి మీద నా చెయ్యి వేసి, ఉన్న బలమంతా పెట్టి ముందుకు తోశాను. చుందడి బోటు కిందికి పోయింది. పంపు ఒక్కసారి దగ్గి, మళ్ళీ పట్టుకుంది. బోటు ఎగబాకింది. వెనక చీర తేలింది, ఒక కొన మాత్రం చినిగి.

బోటు వెనక్కి జారడం అలలు చేసిన పని అనుకున్నాడు ఇంజనీరు. పాస్ అని రాశాడు. సేఠ్ పేడాల మిఠాయి డబ్బా విప్పాడు. రాజేశం పేడా తీసుకోలేదు. జేబులోంచి బోటు తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"సేఠ్, మేరా హాథ్ రుక్ గయా. బాఢ్ మే రుకేగా తో లోగ్ మరేంగే. దూస్‌రా డ్రైవర్ రఖో" అన్నాడు.

నా చెయ్యి ఆగింది, వరదలో ఆగితే జనం చస్తారు, ఇంకో డ్రైవరును పెట్టుకో అని తనంతట తానే చెప్పుకున్నాడు. సేఠ్ నచ్చజెప్పాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి తాళం జేబులో వేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆదివారం స్టేషన్‌లో కూడా వాణ్ణి వదల్లేదు.

"ఎవరు చూసిండ్రురా? నోరు మూసుకుంటే ఏం పోతుండె?"

"నా చెయ్యి ఆగుతదని బోటెక్కేటోళ్ళకు తెల్వది గద బావా" అన్నాడు. పక్కనే సరోజన నా చేతికి రొట్టెల మూట ఇచ్చి, "పోనియ్యి అన్నా. మళ్ళ మగ్గం మీదికే పోతడు. నేను గూడ దారం కండెలు చుడ్త" అంది. అంతమాత్రం మాటకే ఆమెకు ఆయాసం వచ్చింది.

నందుర్బార్ దాటేదాకా నాకు కోపం తగ్గలేదు. బోటు బాగైంది, నౌకరీ పోయింది, రానూపోనూ దారి ఖర్చు దండగ అని నాలో నేనే తిట్టుకున్నాను. జల్గావ్‌లో రైలు చాలాసేపు ఆగింది. కిటికీ పక్కన కూర్చుని రొట్టె తింటుంటే ఆలోచన ఎటో పోయింది. సూరత్ మునిగిన రోజున ఆ బోటులో సరోజన కూర్చుంటే, పక్కన థ్రాటిల్ మీద చెయ్యి వెయ్యడానికి నేను లేకపోతే? అప్పుడు నన్నడిగితే నేనేం చెప్పేవాణ్ణి? తాళం ఇచ్చెయ్యమనే చెప్పేవాణ్ణి. ఫోన్ తీసి ఆ మాట రాజేశానికి చెప్పాను. అప్పుడే పని అడగడానికి మగ్గాల షెడ్డుకు పోయాడట, ఆ చప్పుడులో సగమే వినపడి మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.