బావిలో కరెంటు

1974లో నేను మైలవరం సెక్షన్లో విద్యుత్ శాఖ జూనియర్ ఇంజనీరుని. స్తంభాలు చేరని పల్లెలు అప్పటికి చాలానే ఉండేవి. వానాకాలంలో అలాంటి ఒక పల్లె నుంచి దాసుగారనే రైతు వచ్చి, "మా బావిలో కరెంటు పడిందండీ, వచ్చి బల్బుకి కలిపిపెట్టండి" అన్నారు. ఆఫీసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది గానీ, ఆయన మొహం చూశాక ఆగిపోయింది. జీపు తీయించాను.

బావి అడుగున ఒక పక్క ఊట, ఇంకో పక్క రాతి పగులు. నీళ్లు అటునుంచి ఇటు మెల్లగా కదులుతున్నాయి. ఆ నీళ్లలో రేకుల చక్రం, దాని ఇరుసుకి సైకిలు డైనమో, పైదాకా వైరు. చక్రం ముసలి ఎద్దులా తిరుగుతోంది. బల్బు మాత్రం వెలగలేదు.

"కరెంటుందని ఎవరన్నారండీ?"

"నీళ్ల సర్వేకొచ్చిన ఆఫీసరు గారండీ. అడుగున కరెంటుంది, కాకపోతే బాగా స్లో అన్నారు. స్లో కదా, టైము పడుతుందని పొద్దస్తమానం ఇక్కడే కూర్చుంటున్నా."

ఆ ఆఫీసరు చెప్పింది నీటి కదలిక గురించి. ఇంగ్లీషులో దానికీ కరెంటనే పేరు. అబద్ధం చెప్పకపోయినా ఆయన మీద నాకు ఒళ్లు మండింది.

"నీళ్లు ఎత్తునుంచి దూకాలండీ, దాన్ని మేం హెడ్ అంటాం. లేదంటే వడిగా పారాలి. వడి సగమైతే బలం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఈ నీళ్లతో బల్బు వెలగదు."

దాసుగారి భార్య మరియమ్మగారు ఆ ఊరి మంత్రసాని. ఆవిడ అంది: "పోయినేడు కాన్పు మధ్యలో గాలికి లాంతరు ఆరిపోయింది బాబూ. మళ్లీ వెలిగించేసరికి తల్లి దక్కలేదు. ఇప్పుడు మా అమ్మాయికి నెలలు నిండాయి. వాగు పొంగితే బెజవాడ ఆసుపత్రికి దారి ఉండదు. చీకట్లో నేను చెయ్యి పెట్టలేను."

లైను వేయించడం నా ఒక్కడి చేతిలో లేదు. జీపులో ఉన్న ఆఫీసు పెట్రోమాక్సు దించి, గాలికి ఆరదని చెప్పి, వెలిగించడం నేర్పి వచ్చాను. వాగు పొంగిన రోజునే ఆ వెలుగులో వాళ్ల మనవరాలు పుట్టింది.

స్తంభాలు వేసవి దాటాక వచ్చాయి. స్విచ్చి వేయగానే గది నిండా వెలుగు. దాసుగారు బల్బుకేసే చూస్తూ, "ఇది స్లోది కాదు కదండీ?" అని అడిగారు. ఎవరమూ నవ్వలేదు.

ఆ తర్వాత ఏ రైతు దగ్గరా నేను నీటి కదలికని కరెంటు అనలేదు, వడి అనే అన్నాను. అవసరంలో ఉన్న మనిషికి ఒక్క మాట చాలు, దాని పక్కనే కూర్చుండిపోతాడు.