పెడళ్ల మీద చెక్కలు

మా అన్న గిరీశ్ ఏ పని మొదలుపెట్టినా ముందు దాని ఫోటో నలుగురికీ పంపాలి. పని సంగతి తర్వాత. మొన్న శ్రావణంలో మొగుడంపల్లిలో మా ఇంటి కొట్టానికి వెళ్లి, అక్కడ పడి ఉన్న పాత జీపు మీది జొన్న చొప్పంతా తీయించాడు. ఫోటో తీసి, కింద ఇలా రాసి చుట్టాలందరికీ పంపాడు: "మా బాపు గురులింగప్ప గారు ఏళ్ల తరబడి చెమటోడ్చి నడిపిన జీపు. మళ్లీ కొత్తదానిలా చేయించబోతున్నాం." జహీరాబాద్‌లో తనకున్న ఎరువుల దుకాణం ముందు దాన్ని నిలబెట్టి, పైన బాపు పేరు రాయించాలని అన్న ఆలోచన. బాపు పోయి అప్పటికి తొమ్మిది నెలలు.

చుట్టాలందరూ ఫోన్లలో దండాలు పెట్టారు. నేనూ ఒక దండం బొమ్మ పెట్టి, కూరకు తాలింపు వేయడానికి వంటింట్లోకి వెళ్లాను. నూనె కాగుతుండగా గుర్తొచ్చింది. ఆ జీపును బాపు నడిపింది ఐదేళ్లు. ఆ తర్వాత పదిహేడేళ్లు నడిపింది మా అమ్మ.

అన్న మీద కంటే నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది.

మా అమ్మ శాంతమ్మది అవతల కర్ణాటకలో ఒక పల్లె. పదిహేడేళ్లకు పెళ్లయి వచ్చేనాటికి ఆమెకు తెలుగు సరిగా రాదు. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. బాపు ఈ జీపును బీదర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నాడు. ఐదేళ్లకు ఆయన చూపు మందగించింది. కళ్లలో నరాలు దెబ్బతిన్నాయి, ఇక బండి నడపొద్దని హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. డ్రైవరును పెట్టుకుంటే, ఆ మహానుభావుడు అల్లం బస్తాలతో సహా బండిని దారిలో వదిలేసి బావమరిది పెళ్లికి పోయాడు. ఆ వారమే అమ్మ చెరకు కొట్టేసిన చేనులో బండి నేర్చుకుంది. నేర్పింది బాపే. కళ్లు ఆనకపోయినా ఇంజిన్ చప్పుడు విని "గేరు మార్చు" అనేవాడు.

కాళ్లు అందడం లేదని ఊళ్లో వడ్రంగి బసవరాజ్‌తో రెండు తుమ్మ చెక్కలు చెక్కించి, క్లచ్‌కు ఒకటి, బ్రేకుకు ఒకటి బోల్టులతో బిగించుకుంది. సీటును ముందుకు జరిపి వెల్డింగు పెట్టించింది. అల్లం బస్తాలనూ, నొప్పులొచ్చిన ఆడవాళ్లనూ, బడికి పోయే మమ్మల్నీ ఆ చెక్కల మీద కాళ్లు పెట్టే జహీరాబాద్ చేర్చింది. మార్కెట్లో హమాలీలు ఆమెను డ్రైవరమ్మ అనేవాళ్లు. హైవే మీద లారీలవాళ్లు తల బయటపెట్టి మరీ చూసేవాళ్లు. అమ్మ మాత్రం రోడ్డునే చూసేది.

బాపు మంచాన పడ్డాక, అన్న కారు కొన్నాక, జీపు కొట్టంలో పడింది. అప్పటినుంచి చేనుకు పోవాలన్నా, మందులకు పోవాలన్నా అమ్మ గడప మీద కూర్చుని ఆటో కోసమో, అన్న కోసమో ఎదురుచూడవలసిందే. ఆమెకు ఇప్పుడు యాభై ఆరేళ్లు. చేతులు, కాళ్లు, చూపు అన్నీ గట్టిగానే ఉన్నాయి. జీపు బాగు చేయిస్తానని అన్న చెప్పిన రోజే నాకు ఫోన్ చేసింది.

"అక్షతా, లైసెన్సు మల్ల చేయించాల్నంటే ఏమేం కాయిదాలు గావాలె?"

ఎవరి లైసెన్సు అని కూడా నేను అడగలేదు. అన్నదేమో అనుకున్నాను. తాలింపు మాడుతుండగా అదీ అర్థమైంది. జీపు బాగైతే మళ్లీ తనే నడపొచ్చని ఆశపడింది.

ఆదివారం మెకానిక్ మాణిక్ జీపు చూడటానికి వచ్చాడు. పాత జీపులు బాగు చేయడంలో పేరున్నవాడు, పేరుతో పాటు టెక్కు కూడా ఉన్నవాడు. బండి తనకు నచ్చితేనే ఒప్పుకుంటాడు. నేనూ పొద్దున్నే జహీరాబాద్ నుంచి వెళ్లాను. జీపును అన్నేళ్లు నడిపింది తనేనని అన్నకు అమ్మే చెప్తుందని నా నమ్మకం.

మాణిక్ బానెట్ ఎత్తి చూశాడు, కిందికి దూరి చూశాడు. చివరికి డ్రైవరు వైపు తల పెట్టి పకపకా నవ్వాడు.

"ఎవడన్న పొట్టోడు నడిపిండా తమ్మీ దీన్ని? పెడళ్లకు చెక్కలు కొట్టిండు సూడు. సీటు గూడ ఖరాబ్ జేసిండు."

అన్న కూడా నవ్వాడు. "మా అమ్మ ఎప్పుడన్న నడిపేది లే అన్నా. గందుకు పెట్టిచ్చిండొచ్చు బాపు."

ఎప్పుడన్నా! నా ఒళ్లు మండిపోయింది. అమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఏమైనా అంటుందేమోనని చూశాను. గ్లాసు మాణిక్ చేతికిచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగింది.

"ఒక మాట ఇను తమ్మీ," అన్నాడు మాణిక్. "నేను జేస్తే ఒరిజినలే జేస్త. కంపెనీల నుంచి ఎట్లొచ్చిందో గట్లనే. చెక్కలు పోవాలె, సీటు ఎనకకు పోవాలె. సగం సగం పని నాతోని గాదు."

"నాక్కూడ గదే గావాలె. బాపు నడిపినప్పుడు ఎట్లుండెనో గట్ల."

బాపు నడిపిన ఐదేళ్లు ఒరిజినల్ అట. అమ్మ నడిపిన పదిహేడేళ్లు ఖరాబ్ అట. సీటు వెనక్కి పోయి, చెక్కలు ఊడితే అమ్మ కాలు క్లచ్‌కు అందదు. జీపు తళతళలాడుతుంది, అమ్మ మాత్రం మళ్లీ గడప మీదే. ఇంత కళ్లముందు కనబడుతుంటే ఆవిడ నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు నిలబడితే ఏం చేయాలి? చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాను.

"చెప్పవేందే అమ్మా? నోరు లేదా నీకు?"

"ఏం చెప్పాలె?"

"జీపు నువ్వు నడిపినవని. మల్ల నువ్వే నడుపుతవని."

అమ్మ చేతిలో మిగిలిన గ్లాసులు దబ్బున పెట్టింది.

"బడికి తోల్కపోతుంటె వారానికొకపారి నా భుజం మీదనే కక్కెటోడు వాడు. ఒక చేత్తోని స్టీరింగు, ఒక చేత్తోని వాని నెత్తి పట్టుకుంటుంటి. వానికిప్పుడు నేను డ్రైవర్నని చెప్పుకోవాల్నా? రేపు తల్లినని గూడ చెప్పుకోమంటరు మీరు." కొంగుతో చేతులు తుడుచుకుని నా వైపు చూసింది. "నువ్వు గూడ దండం పెట్టినవంట గదా ఫోన్ల?"



బయట పానా శబ్దం వినిపించింది. అమ్మ గబగబా కొట్టంలోకి నడిచింది, వెనకే నేను. మాణిక్ క్లచ్ మీది బోల్టు విప్పబోతున్నాడు.

"ఆగు మాణిక్. ఇంజిన్ నడుస్తదా?"

"నడుస్తదమ్మా. డీజిల్ పంపు, బ్రేకులు జూడాలె. పదిరోజుల పని."

"గంతే జెయ్. మిగిలింది ముట్టకు."

"గట్ల నేను జెయ్యనమ్మా."

"అయితే జెయ్యకు. జహీరాబాద్ల నువ్వొక్కనివే ఉన్నవా?"

మాణిక్ అన్న ముఖం చూశాడు. అన్నకు విసుగొచ్చింది. చంటిపిల్లకు చెప్పినట్టు అమ్మకు నచ్చజెప్పబోయాడు.

"నీకు సమజైతలేదమ్మా. ఇది నడిపెతందుకు గాదు. దుకాణం ముంగట పెడ్తం. బాపు గ్యాపకంగ."

అమ్మ గొంతు పెంచలేదు.

"బాపు గ్యాపకమే గావాల్నంటే ఆ పక్క సీటు పీక్కపోయి పెట్టుకో బిడ్డ. పదిహేడేండ్లు ఆయన కూసున్నది గా సీట్లనే."