కూర్చున్న శవం

ఆ రోజు నన్ను కొట్టింది పోలీసులు కాదు. నేను ఎవరి పక్షాన వ్యాసాలు రాశానో, ఎవరి ఊరేగింపుల్లో ఎండకు నడిచానో, వాళ్ళలోని ఒక విద్యార్థి జెండా కర్రతో నా వీపు మీద కొట్టాడు. కొట్టడం సబబే. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ అంటే నల్లగొండ వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆగిపోవడం. చీకటితో బయలుదేరిన జనం అక్కడే దిగిపోయేవాళ్ళు. చుట్టపు చూపుకు వచ్చినవాడు వెనక్కి పోగలడు. దవాఖానకు వచ్చినవాడు ఎక్కడికి పోతాడు? నేనప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆదివారాలు ఒక మేడ మీది గదిలో కూడి, దేవుడు ఉన్నాడా లేడా, కులం పోతుందా పోదా అని గొంతులు చించుకునే ఆరుగురిలో నేనొకణ్ణి. ఒక ఆదివారం మాలో ఒకాయన విసుగెత్తి, "దేవుడు లేడని తేల్చినం గదా, మరి ఆయన మీద వదిలేసిన పనులు ఎవరు చెయ్యాలె?" అన్నాడు. అందరం నవ్వాం. ఆ వారం నుంచే బంద్ రోజుల్లో రోగులను తోపుడు బండి మీద దవాఖానలకు చేర్చడం మొదలుపెట్టాం.

బండి మాది కాదు. కొత్తపేటలో అరటిపళ్ళు అమ్మే ఒకాయనది. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు బండికి అంకితమైన మనిషి. బంద్ రోజు బేరం ఎలాగూ లేదని బండితో పాటు తానూ వచ్చేవాడు. నేను రెండు నియమాలు పెట్టాను. అబద్ధం చెప్పకూడదు. బండి మీద ఏ మతపు గుర్తూ ఉండకూడదు. ఒక అట్ట మీద ఎర్ర సిరాతో "రోగి. దారి ఇవ్వండి" అని రాసి బండి ముందు కట్టాను. నా అక్షరాల మీద నాకు నమ్మకం. బండాయనకు లేదు.

"సారు, మీ అట్ట సదివెటోడు రాయి ఇసరడు. ఇసరెటోడు సదువడు."

అయినా అట్ట చాలాసార్లు పనిచేసింది. పిల్లలే టైర్లు పక్కకు లాగి దారిచ్చేవాళ్ళు.

ఆ రోజు ఎల్బీ నగర్‌లో బండాయనకూ నాకూ దొరికిన మనిషి యాభై దాటిన పల్లెటూరి ఆడమనిషి. వెంట కూతురు. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న కేంద్రంలో డయాలసిస్. ముందటి బంద్‌తో ఒక విడత తప్పింది. కాళ్ళు, మొహం నీరు పట్టి ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరాడదని మూడు రాత్రులుగా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోందట.

"ఇయ్యాల మిషన్ ఎక్కకపోతే రేపటికి మా చేతుల ఉండదని చెప్పిండ్రు సారు" అంది కూతురు.

అంబులెన్సుకు ఫోన్ చేశాం. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. ఆమెను గోనె సంచులకు ఆనించి బండి మీద కూర్చోబెట్టి తోసుకుంటూ బయలుదేరాం. అర కిలోమీటరు పోలేదు, మండుతున్న టైర్ల వెనుక నుంచి ఒక గుంపు అడ్డం వచ్చింది. అట్ట చూపించాను.

"నిన్న గూడ గిట్లనే రోగి అని బోర్డు కట్టుకొని ఒకడు దుకాణం సరుకు దాటిచ్చిండు. వాపస్ పోండ్రి" అన్నాడు ఒకడు.

"మనిషి కనబడుతలేదా?" అన్నాను.

జవాబుగా రాయి వచ్చింది. మొదటిది బండి చెక్కకు తగిలింది. రెండోది కూతురి మోచేతికి తగిలి రక్తం కారింది. ఎవరు విసిరారో తెలియదు. బండి తిప్పి ఒక గల్లీలోకి దూరాం. ఆ గల్లీ చివర పోలీసుల ముళ్ళకంచె.

పెద్దామె ఊపిరి అప్పటికే రంపం కోసినట్టు వినిపిస్తోంది. బండాయన చెమట తుడుచుకుని, "సారు, బంద్‌ల రోగిని ఆపుతరు. పీనుగును ఎవ్వలు ఆపరు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అబద్ధం, పైగా శవయాత్ర అనే తంతు. కూతురు నాకంటే ముందే కాదంది. బతికున్న తల్లికి శవం ముస్తాబు చేస్తే కీడు అంది. నేను వెంటనే ఆమె మూఢనమ్మకం మీద ఉపన్యాసం అందుకున్నాను. తల్లి ఒక్కో ఊపిరీ కొనుక్కుంటున్న వేళ కూతురికి హేతువాదం బోధించినవాణ్ణి నేను. నా నోరు మూయించింది ఆ పెద్దామే.

"మీరిద్దరు కొట్లాడేలోపు నిజంగనే సస్త. కానీయ్ బిడ్డ. సచ్చినంక ఎట్లుంటదో జర సూస్త."

"పండుకుంటే ఊపిరాడదు గదనె అవ్వా" అంది కూతురు.

"మా ఊళ్ళె కొందరు పీనుగును కూసోబెట్టే తీస్కపోతరు గద" అన్నాడు బండాయన.

బండికి నిలువుగా ఒక వెదురు కట్టి, ఆమెను దానికి ఆనించి, జారిపోకుండా నడుం దగ్గర పంచెతో కట్టాం. కూతురి సంచిలో ఉన్న తెల్ల దుప్పటి తల మీదుగా కప్పాం. మూసి ఉన్న ఒక దుకాణం షట్టర్‌కు నిన్నటి బంతిపూల దండ వేలాడుతోంది. దాన్ని తెంపి ఆమె మెడలో వేసింది నేనే. అట్ట విప్పి గల్లీలో పారేసిందీ నేనే.

పెద్ద రోడ్డు మీద గుంపు చీలి దారిచ్చింది. రాళ్ళు పట్టుకున్నవాళ్ళు చేతులు దించారు. కొత్తపేట దాకా అలాగే పోయాం. అక్కడ జెండా పట్టుకున్న ఒక విద్యార్థి దగ్గరికొచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి.

"ఎవలక్కా?"

"మా అవ్వ" అని కూతురు ఏడ్చింది. ఆ ఏడుపులో నటన లేదు.

"ఏ ఊరు?"

ఊరు చెప్పింది. అతనిదీ ఆ పక్క ఊరేనట.

"ఎట్ల పోయింది?"

కూతురు నా వైపు చూసింది. వందలాది సభల్లో ఎదుటివాడి నోరు మూయించిన నేను దుప్పటి అంచు సర్దాను.

"పురుగుల మందు తాగిందా?" అన్నాడు మెల్లగా. "తెలంగాణ కోసమా?"

నేను తల దించుకున్నాను. అంతే. అబద్ధం చెప్పలేదని నియమం పాటించినట్టు లెక్క వేసుకున్నాను కూడా.

ఆ రోజుల్లో వారానికో చావు వార్త వినేవాళ్ళం. ఉరి వేసుకున్నవాళ్ళు, ఒంటి మీద పెట్రోలు పోసుకున్నవాళ్ళు. అతను దుప్పటి కింద ఆమె పాదాలను తాకి కళ్ళకద్దుకున్నాడు. "అవ్వా, నీ సావు ఊకెనె పోదు" అన్నాడు. వెనక్కి తిరిగి జోహార్ అని అరిచాడు. వంద గొంతులు అందుకున్నాయి. పది చేతులు బండిని పట్టుకున్నాయి. మా చేతులు ఊడిపోయాయి. బండి పరుగెత్తింది, టైర్లను కాళ్ళతో తన్నుకుంటూ, సరిగ్గా మేము పోవాల్సిన వైపే. ఒక్క నిమిషం నేను సంతోషించాను. అది కూడా రాయాలి.

చైతన్యపురి దాటాక పోలీసులు వరుసకట్టి ఉన్నారు. శవాన్ని అప్పగించండి, పోస్టుమార్టం చెయ్యాలి అని మైకులో చెప్పారు. ఇచ్చేది లేదని గుంపు. ఇటు వీళ్ళు లాగారు, అటు వాళ్ళు లాగారు. బండి ఊగింది, వెదురు వంగింది, దుప్పటి కింద ఆ మనిషి తల అటూ ఇటూ కొట్టుకుంది. రాళ్ళు లేచాయి. ఒక కానిస్టేబుల్ నుదురు చిట్లింది. బాష్పవాయువు గుండు మా పక్కనే పడి బుసకొట్టింది.

"ఆమె బతికే ఉంది" అని అరిచాను.

"అమరులు బతికే ఉంటరు" అని గుంపు జవాబిచ్చింది.

బండాయన మోచేతులతో పొడుచుకుంటూ జనంలోకి దూరి దుప్పటి లాగేశాడు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు నల్లబడ్డాయి. నోటి మూలల్లో నురగ. దగ్గుతో ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది. దగ్గరున్నవాళ్ళు వెనక్కి దూకారు.

విద్యార్థి ఆమెను చూశాడు, మెడలో దండను చూశాడు, నన్ను చూశాడు.

"మా సావులతోని ఆటలాడుతుండ్రా? మొన్న మా రూంల పిలగాడు కాలిపోయిండు. వానికి గూడ గిదే దండేసిన."

మొదటి దెబ్బ బండాయన భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండోది నా వీపు మీద. నేను కింద పడ్డాను. మూడోదానికి కర్ర లేచింది.

"కొడుకా" అంది పెద్దామె. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంది. "పీనుగునైత అన్నది నేనే. నన్ను కొట్టు."

అతని చెయ్యి గాలిలో ఆగింది. అప్పటికే లాఠీచార్జి మొదలై మిగతావాళ్ళు పరుగెత్తుతున్నారు. అతను మాత్రం ఆమె మొహంలోకి చూస్తూ నిలబడిపోయాడు. నిలబడినందుకే దొరికాడు. కర్ర ఎత్తిన అతని మణికట్టు మీద లాఠీ పడింది. తరువాత మోకాళ్ళ మీద. పడ్డాక కూడా ఆగలేదు. రోడ్డు మీద ఈడ్చుకుపోయి వ్యానులో పడేశారు. అతని చెప్పు ఒకటి మా బండి చక్రం పక్కన మిగిలింది.

బతికున్న శవాన్ని చూసి ఎస్సైకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "ఏందయ్య గీ డ్రామా, పోండ్రి పోండ్రి" అని బ్యారికేడ్ జరిపించాడు. బండాయన ఒక చేత్తో, నేను వంగిన వీపుతో, కూతురు నెత్తురోడే మోచేతితో తోశాం.

డయాలసిస్ కేంద్రం షట్టర్ సగం దించి ఉంది. లోపలి నర్సు కోస్తా మనిషి.

"ఏమండీ, మెడలో ఈ పూలేంటండీ?" అంది, దండ తీసి చెత్తబుట్టలో వేస్తూ.

"నా పెండ్లి" అంది పెద్దామె.

నాలుగు గంటల తరువాత ఆమె మొహం మీద వాపు తగ్గింది. బతికింది.

ఆదివారం మేడ మీది గదిలో వాదన జరిగింది. ఒక ప్రాణం దక్కింది, ఒక ఎముక విరిగింది, లాభమేగా అన్నాడొకడు. నేను వాడి మీద పడ్డంత పని చేశాను. దయ ఎంత చిన్నదైనా మంచిదేనని పాఠాలు చెప్పేవాళ్ళను పిలిచి ఆ రోడ్డు మీద నిలబెట్టాలి. ఒకామె ఊపిరి కోసం నేను ఇంకొకడి దుఃఖాన్ని అడక్కుండా వాడుకున్నాను. ఆమెకు చేసింది దయ అయితే, అతనికి చేసింది దొంగతనం. కొత్తపేటలో అతను ఎట్ల పోయింది అని అడిగినప్పుడు నిజం చెప్పి ఉంటే? అతనే బండి తోసేవాడేమో. రాయి విసిరేవాడేమో కూడా. నేను అతనికి ఆ రెంటిలో ఒకటి ఎంచుకునే అవకాశమే ఇవ్వలేదు.

నాలుగో రోజు సర్కారు దవాఖానలో అతన్ని వెతికి పట్టుకున్నాను. చెయ్యి మోచేతి దాకా కట్టు. మంచం పక్కన కానిస్టేబుల్. జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. తప్పు నాదన్నాను. అతను చివరిదాకా విన్నాడు.

"గా అవ్వ ఉన్నదా?"

"ఉన్నది. నిన్న గూడ ఎక్కింది మిషన్."

"మంచిగైంది."

గోడ వైపు తిరిగాడు.

"మా రూం పిలగాడు మాత్రం లేవలే సారు. మీరు ఇంకోసారి నా ముంగట కనబడకుండ్రి."

లేచి వచ్చేశాను. మళ్ళీ కనబడలేదు.